బోర్లించిన పడవ కింద ఇద్దరు

మణిశృంగ రాజ్యానికి తూర్పు పొలిమేర ధూమవతి నది. వేకువన ఆ నది మీద లేచే మంచు ఒక క్షణం పావురం మెడలా, మరుక్షణం పండిన నేరేడులా, ఎండపొడ తగిలితే నెమలి కంఠంలా రంగులు మారుస్తూ, పట్టుచీర కుచ్చెళ్ళలా మడతలు పడుతూ ఒడ్డు మీదికి పాకి వస్తుంది. చూడ్డానికి ఎంత అందమో, పట్టుకుంటే అంత ప్రమాదం. రేవుపాలెం జాలరులు దానికి మతిమబ్బు అని పేరు పెట్టుకున్నారు. అది కమ్మినంతసేపూ మనిషికి కుడి ఏదో ఎడమ ఏదో తెలియదు. ఇంటికి బయలుదేరినవాడు ఏట్లోకి నడుస్తాడు. ఏటికి బయలుదేరినవాడు పొరుగింటి గడప ఎక్కి, ‘నా ఇంట్లో నువ్వేం చేస్తున్నావు?’ అని పొరుగువాడినే దబాయిస్తాడు.

ఆ ఒడ్డున కప్పులేని ఇల్లొకటి ఉంది. దాని ముందు దుంగల మీద ఒక పడవ బోర్లా పడుకుని ఉంది. ఇంటికి కప్పు లేకపోవడానికి కారణం ఆ పడవే. దూలాలు పడవకు వెన్నెముక అయ్యాయి. వాసాలు వంగి పక్కటెముకలయ్యాయి. వీధి తలుపు, పెరటి తలుపు, అటక చెక్కలు చీలికలై దానికి ఒళ్ళంతా పరుచుకున్నాయి.

ఇల్లు గంగసాని అనే ముసలమ్మది. కిందటి వర్షాకాలంలో ఆమె కొడుకు దోనయ్య చేపలకు వెళ్ళి మంచులో చిక్కుకున్నాడు. పడవ ఒక్కటే తిరిగి వచ్చింది. నది మధ్యలో పొగదీవి అనే దీవి ఉందనీ, అక్కడ వక్రఘోణుడనే మాంత్రికుడు మనుషుల్ని బంధించి ఉంచుతాడనీ ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. చూసి వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు. కొడుకు కోసం గంగసాని బయలుదేరబోయే వేళకు రాజధాని నుంచి ఆజ్ఞ వచ్చింది. నది మీద ఉన్న పడవలన్నీ తగలబెట్టాలి. కొత్త పడవకు కలప అమ్మినవాడి చేతులు నరికివేయాలి. కలప దొరకలేదు. గంగసాని ఒక పగలంతా ఇంటి కప్పు వైపు చూస్తూ కూర్చుని, సాయంత్రం నిచ్చెన వేసుకుని తనే పైకెక్కింది.

ఆమెకు తోడు ఇద్దరు. ఒకరు కోడలు సంపెంగి. రెండోవాడు ఊరు పేరు చెప్పకుండా వచ్చి పనిలో చేరిన వడ్రంగి శరభన్న. గడ్డం పెంచి, ముతక పంచె కట్టి, బుజాన బాడిస వేసుకు తిరిగే ఆ శరభన్న నిజానికి మణిశృంగ యువరాజు శరభాంకుడని ఆ అత్తాకోడళ్ళకు తెలియదు.

శరభాంకుడి కథ ఇది. అతని తండ్రి మేఘవాహన మహారాజు వేటకు వచ్చి, దాహం వేసి ధూమవతిలోకి వంగాడు. నీళ్ళు తాగి లేచి, గుర్రమెక్కి రాజధానికి తిరిగి వెళ్ళాడు. వెళ్ళినవాడు మహారాణిని చూసి ‘ఈమె ఎవరు?’ అన్నాడు. పడవలు కాల్చమన్నాడు. మర్నాడు కొలువులో అందరూ వింటుండగా కన్నకొడుకు తల తెమ్మన్నాడు. తండ్రిని ఆ నది ఏం చేసిందో తెలుసుకోవడానికి శరభాంకుడు మారువేషంలో ఈ ఒడ్డుకు చేరాడు. చిన్నతనంలో రథశాలలో ఆటగా నేర్చిన వడ్రంగం ఇక్కడ అతనికి అన్నం పెట్టింది.

ఆ ఉదయం పడవకు రంగు పూస్తున్నారు.

చెక్కల సందుల్లో దూది, కొబ్బరినార కూరడం ముందురోజే అయింది. గుగ్గిలం పొడిని నూనెలో ఉడికించి, చిక్కని నల్లటి లేపం చేసి పడవ అడుగుకు పట్టించారు. ఆ పైన పక్కలకు జాజురంగు పూయాలి.

“ఎర్రరంగు దేనికి పెద్దమ్మా? నీళ్ళు కారకుండా గుగ్గిలం చాలుగా?” అన్నాడు శరభాంకుడు.

“చాలదు నాయనా. రంగు లేకుండా దించితే గంగమ్మ దీన్ని కొట్టుకొచ్చిన దుంగనుకుంటాది. లోపల మనుషులున్నారని ఆ తల్లికి తెలవద్దా?” అంది గంగసాని, జాజు నూరుతూ.

అతను నవ్వి కుంచె అందుకున్నాడు. నది వైపు పక్క మొత్తం ఓపికగా పూశాడు. నడుము పట్టేసింది. రంగు ముంత పట్టుకుని పడవ చుట్టూ తిరిగి ఇంటి వైపు పక్కకు వచ్చి, అక్కడే నిలబడిపోయాడు.

ఆ పక్క అప్పటికే పూసి ఉంది. తడి మెరుస్తోంది. కుంచె గీతలు కూడా అచ్చంగా తను పూసినట్టే ఉన్నాయి.

“సంపెంగీ! ఈ పక్క ఎవరు పూశారు?”

నార తాళ్ళు పేనుతున్న సంపెంగి తలెత్తి చూసింది. “నువ్వే కదన్నా. ఇందాక నా దగ్గర రెండో కుంచె అడిగి తీసుకున్నావుగా.”

“నేనా?”

“తొందరగా ఇయ్యి అని కసిరావు కూడాను. ఎప్పుడూ కసరనివాడు ఇవేళ కసురుతున్నాడేంటా అనుకున్నాను.”

“నేను ఆ వైపు నుంచి కదల్లేదమ్మా!”

“మరైతే నాకు కనపడ్డదెవరు?” సంపెంగి అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె ముఖంలో వేళాకోళం లేదు.

శరభాంకుడు గంగసానిని అడిగాడు. ఆమె ఇంకో మాట చెప్పింది. “ఇప్పుడే ఏటి వైపు నుంచి వచ్చి మంచినీళ్ళు అడిగావు. ఇచ్చాను. తాగకుండా చెంబులోకి సూసి నవ్వి, అక్కడ పెట్టి ఎల్లిపోయావు. ఎండ తగిలిందేమో నీకు. మొగం కడుక్కో.”

ఎండ ఎక్కడిది? మతిమబ్బు అప్పుడే ఒడ్డెక్కి పెరటి గోడ దాటుతోంది. అయినా ముఖం కడుక్కుందామని అతను గోలెం మీదికి వంగాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అందులో కప్పులేని ఇంటి మొండిగోడలు కనిపించాయి. గోడ మీది కాకి కనిపించింది. తన ముఖం కనిపించలేదు.

శరభాంకుడు కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ వంగాడు. కాకి ఉంది. తను లేడు. ఇది మంచు చేసే మాయా, తన కళ్ళకు పట్టిన జబ్బా అని తేల్చుకునేలోగా నది మలుపు నుంచి కొమ్ము బూర మోగింది. గుర్రాల డెక్కల చప్పుడు వినిపించింది.

“రాజుగారి దండు!” అని ఎవరో రేవులో కేక పెట్టారు. “గండభీముడు వస్తన్నాడు! పడవలు వెతుకుతున్నారు!”

గండభీముడు మణిశృంగ సేనలో క్రూరుడని పేరుపడ్డ దళపతి. పడవ వాడి కంటపడితే చితిలో కట్టెల్లా కాలిపోతుంది, దానితో పాటు కట్టినవాళ్ళూ కాలిపోతారు.

“రంగు ఆరలేదే!” అంది సంపెంగి.

“ఏట్లో ఆరుద్దిలే. ముందు తిప్పండి!” గంగసాని వీధిలోకి పరుగెత్తింది. ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఆమె వీధి మధ్యన నిలబడి గొంతు చించుకుంది. “ఒరే, మునిగిపోతున్న మీ పిల్లల్ని నా కొడుకు జుట్టుపట్టి లాగినప్పుడు ఇట్టా తలుపులేసుకోలేదురా! పడవెక్కమని అడగట్లేదు. తిప్పమంటున్నాను. చేతులున్నోళ్ళు రండి!”

ఒక తలుపు తెరుచుకుంది. తరువాత ఇంకొకటి. తలపాగాలు చుట్టుకుంటూ జాలరులు పరుగున వచ్చారు. రంగు గీరుకుపోకుండా నేల మీద గడ్డి పరిచారు, పడవ అంచు కింద గెడలు దూర్చారు. సరిగ్గా అప్పుడే మతిమబ్బు వాళ్ళను కమ్మేసింది. పక్కవాడి బుజం కూడా కనపడటం లేదు.

“ఎత్తండి! ఇంటి వైపు ఎత్తి, ఏటి వైపు దించండి!” అన్నాడు శరభాంకుడు.

“ఏరు ఎటుంది?” అన్నాడొకడు.

“నీ ఎదురుగా!”

“నా ఎదురుగా నువ్వేగా ఉన్నావు?”

సగం మంది ఎత్తారు, సగం మంది నొక్కారు. పడవ మూలిగింది. “ఎడమకు తొయ్యండి!” అని శరభాంకుడు అరిచాడు. అదే గొంతు, అదే క్షణాన, పడవకు అవతలి పక్క నుంచి “కుడికి తొయ్యండి!” అని అరిచింది. అందరూ తలో వైపూ తోశారు. పడవ ఒక అంచు మీద నిలువుగా నిలబడి, ఎటు పడదామా అన్నట్టు ఊగింది. “తప్పుకోండి, తప్పుకోండి!” అని గంగసాని కేకపెట్టింది. అంతలో ఎవరి బలమో మిగతావాళ్ళ బలాన్ని మించింది. పడవ గుండ్రంగా తిరిగి, గడ్డి మీద దభీమని వెల్లకిలా పడింది.

ఆ గాలికి చుట్టూ మంచు విచ్చుకుంది.

పడవకు ఇటు శరభన్న నిలబడి ఉన్నాడు. అటు శరభన్న నిలబడి ఉన్నాడు.

అదే గడ్డం. అదే ముతక పంచె. చేతులకు అదే జాజురంగు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి నోరు తెరిచి, “ఎవడివిరా నువ్వు?” అన్నారు.

జాలరులలో ఒకడు దండం పెట్టాడు. మిగతావాళ్ళు దండం కూడా పెట్టకుండా పారిపోయారు. వాడూ వాళ్ళ వెనకే పరుగెత్తాడు.

“పెద్దమ్మా, వీడు మాయగాడు!” అన్నాడు ఇటువైపువాడు.

“పెద్దమ్మా, వీడి మాట నమ్మకు!” అన్నాడు అటువైపువాడు.

“ఆగండి. శరభన్నకి కనుబొమ మీద గాటు ఉంది,” అంది సంపెంగి. ఇద్దరికీ గాటు ఉంది. ఒకడికి ఒక పక్క, రెండోవాడికి రెండో పక్క.

“మన శరభన్నకి ఎటు పక్కే?” అంది గంగసాని.

“కుడి పక్క, అత్తా.”

“కుడంటే?”

సంపెంగి ఒక చెయ్యి ఎత్తింది. దించి ఇంకో చెయ్యి ఎత్తింది. రెండు చేతులూ చూసుకుంటూ ఏడుపుముఖం పెట్టింది. శరభాంకుడు తన కనుబొమ తడుముకున్నాడు. గాటు చేతికి తగిలింది. అది ఎటువైపో అతనికే అంతుబట్టలేదు. కత్తులకూ మొసళ్ళకూ బెదరనివాడు అప్పుడు బెదిరాడు. ఎదుటివాడు కూడా తనలాగే తడుముకుంటున్నాడు, తనలాగే భయపడుతున్నాడు. వాడికి తండ్రి గుర్తున్నాడేమో. రథశాల గుర్తుందేమో. ‘ఏట్లోంచి వచ్చినవాణ్ణి నేనే అయితే?’ అనుకున్నాడు శరభాంకుడు.

డెక్కల చప్పుడు వీధి చివరికి వచ్చింది.

గంగసాని గోలెం దగ్గరికి ఇద్దరినీ రెక్కపట్టి ఈడ్చింది. “వంగండి!” ఇద్దరూ వంగారు. గోలెంలో ముసలమ్మ ముఖం ఒక్కటే కనిపించింది.

“అదీ సంగతి!” అంది. “మీలో ఒకడు మనిషి. రెండోవాడు వాడి నీటినీడ. నీళ్ళలో ఉండాల్సింది లేచి నడిచి వచ్చింది. అందుకే గోలెంలో ఎవడూ లేడు. ఏది ఏదో నాకు తెలవదు. మీకూ తెలిసినట్టు లేదు. కానీ నీటినీడకి వెలుగుండాలి. చీకట్లో అది బతకదు. నడవండి, పడవని మళ్ళీ బోర్లించండి. ఇద్దరూ దాని కింద దూరండి!”

“అత్తా, ఇప్పుడేగా తిప్పాం!” అంది సంపెంగి.

“మళ్ళీ తిప్పుదాం. పడవ కనపడినా మనుషులు కనపడరుగా!”

ఎత్తి జాగ్రత్తగా దించడానికి ఊరంతా కావలసి వచ్చింది కానీ, పడెయ్యడానికి నలుగురు సరిపోయారు. గెడలు దూర్చి ఒక్క ఊపు ఊపేసరికి పడవ బోర్లా పడింది. పడేలోపు శరభాంకుడు దాని కిందికి దొర్లాడు. రెండోవాడు తటపటాయించాడు. సంపెంగి వాణ్ణి వీపు మీద చెయ్యివేసి లోపలికి తోసి, అంచు చుట్టూ గడ్డి కూరేసింది.

లోపల చిమ్మచీకటి. గుగ్గిలం ఘాటు, పాత తలుపు చెక్కల వాసన, పక్కనే ఎవరిదో ఎగశ్వాస. రెండు చేతులు వచ్చి శరభాంకుడి గొంతు పట్టుకున్నాయి. అతనూ పట్టుకున్నాడు. ఇద్దరూ దొర్లారు. ఎవరి మోకాలు ఎవరి పొట్టలో ఉందో, ఎవరి మోచెయ్యి చెక్కకు కొట్టుకుందో తెలియలేదు. అతని బలం ఎంతో వాడి బలమూ అంతే.

“గడ్డి తియ్యి! కొంచెం వెలుగు రానియ్యి!” అంది ఆ గొంతు. అది అతని గొంతే. “నాకు చీకటంటే భయం.”

“నిన్ను పంపిందెవరు?”

“వక్రఘోణుడు. నీళ్ళలోకి వంగినవాణ్ణి కిందికి లాగి, తనకు పనికొస్తే వాడి నీడను పైకి పంపుతాడు. నువ్వు మొన్న తాగడానికి వంగినప్పుడు బాడిస జారిందని చటుక్కున వెనక్కి తిరిగావు. నేను పైకి వచ్చాను, నువ్వు కిందికి రాలేదు. అందుకే మిగిలిపోయావు. మీ నాన్న వెనక్కి తిరగలేదు.”

శరభాంకుడి చేతులు సడలాయి. “అయితే సింహాసనం మీద ఉన్నది...”

“మాలో వాడే.” ఆ గొంతు సన్నబడింది. “గడ్డి తియ్యి. నీకు దణ్ణం పెడతాను. మనం చిన్నప్పుడు రథశాలలో గడియపడి ఇరుక్కుపోయాం, గుర్తుందా? ఎంత ఏడ్చాం?”

గుర్తుంది. ఎవరికీ చెప్పుకోని భయం అది. ఒక్క క్షణం అతని చెయ్యి దానంతటదే గడ్డి వైపు వెళ్ళింది. అంతలో అతని గొంతు మీది వేళ్ళు చల్లబడ్డాయి, మెత్తబడ్డాయి, వాననీళ్ళలా మెడ మీదుగా కారిపోయాయి. గుండెల మీద కడివెడు నీళ్ళు కుమ్మరించినట్టయింది.

తరువాత ఒక్కడి ఊపిరే వినిపించింది. పోయింది నీడా, తనా? శరభాంకుడు తన ముంజేతిని గట్టిగా కొరికాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేంత నొప్పి పుట్టింది. ‘నేనే’ అనుకున్నాడు. అలా అనుకున్నాక కూడా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

బయట గుర్రాలు ఆగాయి.

“ఒసే ముసలీ, ఏమిటిది?” గండభీముడి గొంతు డప్పులా మోగింది.

“ఇంటి కప్పు బాబూ. గాలివానకి ఎగిరి ఇక్కడ పడింది.”

“కప్పుకు రంగు పూస్తారా?”

“పెళ్ళివారొస్తున్నారు బాబూ!”

దళపతి గుర్రం దిగి వచ్చి, పడవ మీద కాలు పెట్టి, ఒరలోంచి కత్తి దూశాడు. కాలు తిరిగి తీసుకోబోతే రాలేదు. గుగ్గిలం పట్టుకుంది. బలంగా లాగేసరికి చెప్పు అక్కడే ఉండిపోయింది. సంపెంగి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇది పడవే! దీని కింద ఎవడో ఉన్నాడు! తిప్పండిరా!” అని గండభీముడు గర్జించాడు.

గంగసాని గుండెలు బాదుకుంటూ అడ్డం వెళ్ళింది. “తిప్పితే తిప్పారు గానీ, ఏటి వైపు మట్టుకు తిప్పకండి నాయనా! వాలు నేల, జారి ఏట్లో పడుద్ది. నా కొంప మునుగుద్ది!”

“ఏటి వైపే తిప్పండి!” అన్నాడు దళపతి పళ్ళు కొరుకుతూ.

భటులు ఒక్కపెట్టున పడవను ఎత్తారు. లోపల శరభాంకుడికి ముసలమ్మ ఎత్తు అర్థమైంది. అతను అడ్డపట్టెను కావలించుకుని, కాళ్ళు పక్కటెముకల కింద దూర్చి, బల్లిలా కరుచుకున్నాడు. భూమి ఆకాశం తారుమారయ్యాయి. పడవ తిరిగి, తడిగడ్డి మీద పడి, ఏటి వాలులో సర్రున జారింది. రంగులో చేతులంటుకున్న భటులు వదిలించుకోలేక పడవతో పాటే ఒడ్డు బురద దాకా బొక్కబోర్లా ఈడ్చుకుపోయారు. గంగసాని ఆ వయసులో అంచు పట్టుకుని ఎలా ఎగిరిందో ఎవరికీ తెలియదు. పడవలో ఆమె, ఆమె మీద సంపెంగి పడ్డారు. చేతిలో తెడ్లు మాత్రం సంపెంగి వదల్లేదు.

“వాడు యువరాజు! శరభాంకుడు! పట్టుకోండి!” అని పడవలోని ముఖాన్ని ఆనవాలు పట్టి, ఒంటిచెప్పుతో కుంటుతూ గండభీముడు అరిచాడు.

పడవ నీళ్ళను తాకింది. ఒక్కసారి మునిగి, తేలి, వెన్ను నిలిపింది. సందుల్లో ఒక్క చుక్క కూడా ఊరలేదు.

శరభాంకుడు తెడ్డు వేస్తూ ఒడ్డుకు దూరం జరిగాడు. బాణాలు మంచులో ఎటో పోయాయి. కాసేపటికి గంగసాని ఊపిరి కూడదీసుకుని అతని వైపు తిరిగింది.

“యువరాజువా?”

“అవును పెద్దమ్మా.”

“రాజుగారి కొడుకు చేతనా నేను గుగ్గిలం నూరించింది? పొద్దున పేడ కూడా ఎత్తించానే!” అని నెత్తి కొట్టుకుంది. ఆ వెంటనే, “సరే, తెడ్డు ఆపకు,” అంది.

పడవ కింద విన్నదంతా అతను వాళ్ళకు చెప్పాడు. దోనయ్య పేరు ఎత్తకుండానే సంపెంగి ముఖం పాలిపోయింది. “అయితే ఆయన కూడా కిందే ఉన్నాడా? మరి పొగదీవి?”

ఎదురుగా మంచులో నల్లగా దీవి కనపడుతూనే ఉంది. ఎంత దూరం తెడ్లు వేసినా అది అంతే దూరంలో ఉంది. తెడ్డు ఆపితే దగ్గరవుతున్నట్టుంది, వేస్తే వెనక్కి పోతున్నట్టుంది. ఒకసారి అది ముందుంది, ఒకసారి వెనక ఉంది. తాము నది దాటుతున్నారో, నడిమధ్య గిరగిరా తిరుగుతున్నారో ముగ్గురికీ తెలియలేదు. వెనక నుంచి కొమ్ము బూర మళ్ళీ మోగింది. కొక్కాలు, ఈటెలు మోసుకుని, దండు కోసం కాల్చకుండా ఉంచుకున్న రాజనౌక ఒకటి మంచును చీల్చుకుని వస్తోంది.

అప్పుడు పడవ అడుగున ఎవరో తట్టారు.

ముగ్గురూ తెడ్లు ఆపి విన్నారు. మళ్ళీ తట్టారు. మొసలి తాకిడిలా లేదు. మనిషి వేళ్ళు మడిచి చెక్క మీద కొట్టినట్టుంది.

శరభాంకుడు అంచు మీద నుంచి తొంగిచూశాడు. నీళ్ళలో తన ముఖం లేదు. పడవ నీడ కూడా లేదు. అద్దంలాంటి ఆ నీళ్ళ అడుగున ఒక నగరం తలకిందులుగా వేలాడుతోంది. వెండిరేకుల మేడలు, పగడపు కమానులు, చేపలు పావురాల్లా వాలిన గోపురాలు, వీధుల నిండా జనం. వాళ్ళ తలలు లోతుల వైపు ఉన్నాయి, పాదాలు పైకి ఉన్నాయి. అందరూ ఇటే చూస్తున్నారు. నది మధ్యన అందరూ వెతికే దీవి ఆ నగరపు నీడ. అసలు ఊరు ఇక్కడ, కాళ్ళ కింద ఉంది.

పడవ అడుగున అరచేయి ఆనించి ఒక యువకుడు తలకిందులుగా వంగి ఉన్నాడు. అతని గొంతు చెక్కల గుండా బొంగురుగా వినిపించింది.

“అమ్మా! ఇల్లు పీకి పడవ కట్టావటే? వానొస్తే ఎక్కడ పడుకుంటావే?”

గంగసాని చేతిలో తెడ్డు జారిపోయింది. “దోనయ్యా!”

“ఆగు పెద్దమ్మా,” అన్నాడు శరభాంకుడు. “పొద్దున నా గొంతుతో ఎవరు మాట్లాడారో చూశావుగా. నాకు తప్ప ఎవరికీ తెలియని సంగతులు కూడా దానికి తెలుసు. వీడు దోనయ్యో, మాంత్రికుడు వేసిన ఎరో ఎలా చెప్పగలం?”

“సంపెంగీ,” అంది కింది గొంతు. “పడవని బోర్లించండి. నిటారుగా ఉన్న పడవకి ఈ ఊరికి దారి లేదు. బోర్లించి, దాని కిందే ఉండండి. తొందరగా!”

సంపెంగి భర్త గొంతు విని తెడ్డు పక్కన పెట్టింది. “నాకు ఈత రాదత్తా,” అంది. అంటూనే అంచు వైపు జరిగింది.

రాజనౌక నుంచి కొక్కెం ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి పడవ ముక్కుకు తగులుకుంది. తాడు బిగిసింది. శరభాంకుడు బాడిసతో ఆ తాడు నరికాడు. రెండో కొక్కెం పడింది.

గంగసాని కొంగు నడుముకు బిగించుకుంది. “నా కొడుకే కావచ్చు. కాకపోవచ్చు. నాకు తెలవదు నాయనా. అమ్మా అని పిలుస్తుంటే ఇక్కడ కూచోలేను. నీ ఇష్టం నీది.”

శరభాంకుడు కిందికి చూశాడు. దూరాన, ఒక మేడ మెట్ల మీద, కిరీటం లేని ఒక ముసలివాడు నుదుటికి చెయ్యి అడ్డంపెట్టుకుని ఇటే చూస్తున్నాడు. ముఖం ఆనవాలు పట్టే లోపల ఒక చేపల గుంపు అడ్డు వచ్చింది.

అతను సంపెంగి పేనిన నారతాడుతో ముగ్గురి నడుములూ కలిపి కట్టాడు. ముగ్గురూ ఒకే అంచు మీదికి ఎక్కి, వేళ్ళతో ఆ అంచును పట్టుకుని వెనక్కి వాలారు. పడవ వాళ్ళ బరువుకు మెల్లగా, ఇష్టం లేనట్టుగా ఒరిగింది. ఆకాశం ఒక పక్కకు జారిపోయింది.

మంచులోంచి రాజనౌక వచ్చి చేరేసరికి నది మీద ఎర్రటి పక్కలు, నల్లటి అడుగుతో పడవ బోర్లా తేలుతోంది. “మునిగిపోయారు! కొక్కాలు వేసి తిప్పండి!” అని గండభీముడు ఉత్సాహంగా కేకలు వేశాడు. భటులు కొక్కాలు వేసి పడవను ఎత్తి తిప్పారు.

దాని కింద మనుషులు లేరు. వాళ్ళ తెడ్లు లేవు. నీళ్ళు కూడా లేవు. పడవంత మేర నదిలో గుండ్రటి గొయ్యి పడి ఉంది. దాని అంచులకు ధూమవతి గోడకట్టినట్టు ఆగింది. అడుగు నుంచి పగటి వెలుగు పైకి కొడుతోంది. అక్కడెక్కడో కత్తులు కలిసిన చప్పుడు, ఆ చప్పుడును మించి ఒక ముసలమ్మ కేక వినిపించాయి.

గండభీముడు వంగి తొంగిచూశాడు. ఆ వెలుగులో వాడి నీటినీడ వాడి వైపు చెయ్యి చాచింది.